డన్స్ అంటే మూర్ఖుడా, మొద్దా?

బొబ్బిలి: మా గుంటడు నిన్న ఇంగ్లీషు పాఠంలో 'డన్స్' అంటే ఏటి నాన్నా అన్నాడు. పక్కన కోసు టోపీ పెట్టుకుని మూల నిలబడ్డ కుర్రాడి బొమ్మ. మూర్ఖుడు అని చెప్పేశాను. వంటింట్లోంచి వాళ్లమ్మ, 'మూర్ఖుడంటే చెప్పినమాట విననోడు, వాడు మొద్దు' అంది. అప్పట్నుంచీ ఇసుకలో నూనె తీసే పద్యం బుర్రలో తిరుగుతోంది. చివరి పాదం 'మూర్ఖుని మనసు'నా, 'మూర్ఖుల మనసు'నా?

పొందూరు: 'మూర్ఖుని'. బెత్తం దెబ్బలతో వచ్చిన పద్యమండీ, మర్చిపోతామా.

గరివిడి: బెత్తంతో తేలదు, గణాలతోనూ తేలదు, రెండూ భగణమే. సంస్కృత మూలంలో భర్తృహరి 'మూర్ఖజన' అన్నాడు కాబట్టి 'మూర్ఖుల'. పైగా దాని ముందు 'ప్రతినివిష్ట' అని ఉంది, పట్టు వదలని అని. దాన్ని తెలుగు చేసిన ఏనుగు లక్ష్మణకవి ఆ మాట వదిలేస్తే ఆ మొండితనమంతా 'మూర్ఖుడి' నెత్తినే పడింది. తెలుగులో అర్థం మారింది అక్కడే అని నా నమ్మకం.

ఆమదాలవలస: ఒక్క పద్యంతో భాష మారిపోద్దా? కానీ డన్స్ కథ దీనికి సరిగ్గా తలకిందులు. జాన్ డన్స్ స్కోటస్ అని 1308లో పోయిన మహాపండితుడు, డన్స్ అనేది స్కాట్లాండులో ఊరు. సూక్ష్మ పండితుడని బిరుదు కూడా. 16వ శతాబ్దంలో కొత్త చదువులవాళ్లు, ఇంకా ఆయన తర్కాన్నే పట్టుకు వేలాడేవాళ్లని ఆ పేరుతో ఎగతాళి చేశారు. మొదట్లో వితండవాది, పోనుపోను చదువంటనివాడు. వాళ్లది మొండి నుంచి మొద్దుకి, మనది మొద్దు నుంచి మొండికి.

పొందూరు: అచ్చం మన గ్రాంథికవాదులే, పాత పుస్తకాల భాషలోనే రాయాలని పట్టుబట్టినోళ్లు! వాళ్లని కదిలించిన గిడుగు రామమూర్తి మా పర్వతాలపేటవాడు.

గరివిడి: చదివింది మా విజయనగరంలో, గురజాడతో పాటు.

పొందూరు: గురజాడ పుట్టింది ఎస్. రాయవరంలో. అదీ మీది కాదు.

ఆమదాలవలస: గ్రాంథికవాదుల్ని అంత తేలిగ్గా తీసెయ్యకండి. జయంతి రామయ్య పంతులు శాసనాలు పరిష్కరించిన మనిషి. స్కోటస్‌కి జరిగిన అన్యాయమే మనమూ చేస్తున్నాం.

బొబ్బిలి: బాబూ, రేపు వాడికి పరీక్ష. ఏం రాయమంటారు?

పొందూరు: శుంఠ అని రాయమనండి. శొంఠిలా ఎండిన బుర్ర అని.

గరివిడి: శొంఠికీ శుంఠకీ ఏం చుట్టరికమండీ, ఎవరు చెప్పారు మీకు?