పాత స్పోర్ట్స్ కారు కొనే ముందు ఏం చూడాలి? రేపు పదింటికి డబ్బు కట్టాలి

పానగల్ పోరడు, రాత్రి 10:52
అన్నలూ, ఎవరైనా సూటిగా ఒక్క మాట చెప్పండి. సాయంత్రం నాలుగింటి నుంచి ఫోన్ పట్టుకుని కూర్చున్నా, తల పగిలిపోతోంది. పాత స్పోర్ట్స్ కారు ఒకటి చూశాను. ఎర్ర రంగు, పికప్ అదిరిపోయింది, లోపల సీట్లు కూడా బాగున్నాయి. పొద్దున స్టార్ట్ చేస్తే సైలెన్సర్ నుంచి పొగ వచ్చింది. నల్గొండలో ఒక మెకానిక్‌ను అడిగితే టర్బో (ఇంజిన్‌లోకి గాలిని బలంగా నెట్టేది) పోయిందన్నాడు. ఇంకొకాయన పిస్టన్ రింగులు పోయాయి, ఇంజిన్ దించాల్సిందే అన్నాడు. అమ్మే ఆయనేమో పొద్దున పూట అలాగే వస్తుందంటాడు. వీడియోలు చూస్తే ఒక్కొక్కరిది ఒక్కో మాట. రేపు పదింటికి మిగతా డబ్బు కట్టాలి. కొనాలా వద్దా? ఏమేం చూడాలి?

రెండు డోర్లు, రాత్రి 11:01
ఏ కారు?

జడ్చర్ల షెడ్డు, రాత్రి 11:04
ఏ కారు, ఏ సంవత్సరం, ఎన్ని కిలోమీటర్లు తిరిగింది, పొగ ఏ రంగు, ఎంతసేపు వచ్చింది? ఇవి చెప్పకుండా ఎవరూ ఏమీ చెప్పలేరు.

మర్రిగూడ నీళ్లు, రాత్రి 11:09
తమ్ముడూ, అన్నిటికంటే ముందు రేడియేటర్ మూత తీసి చూడు. ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడే తీయాలి, వేడి మీద తీస్తే మొహం కాలుతుంది. లోపల తెల్లగా పెచ్చులు కట్టి ఉంటే ఆ బండి జోలికి పోకు. మన జిల్లాలో చాలా బండ్లు పాడయ్యేది బోరు నీళ్ల వల్లే. డ్రైవర్లు దారిలో ఏ చేతిపంపు దగ్గరో ఆపి బాటిల్ నింపి పోసేస్తారు. మర్రిగూడ, నాంపల్లి వైపు ఫ్లోరైడ్ నీళ్లు తాగి మనుషుల ఎముకలే వంగిపోయాయి. అల్యూమినియం రేడియేటర్ ఒక లెక్కా? కూలెంట్ పోసిన బండికీ నీళ్లు పోసిన బండికీ లోపల భూమికీ ఆకాశానికీ ఉన్నంత తేడా ఉంటుంది. ఏప్రిల్, మే ఎండల్లో ఏసీ వేసుకుని నార్కట్‌పల్లి దాకా పోతే ఆ తేడా తెలుస్తుంది.

సాగర్ ఎడమ కాలువ, రాత్రి 11:15
సార్, ఫ్లోరైడ్‌కూ రేడియేటర్‌కూ ముడి పెట్టకండి. తెల్లగా పేరుకునేది కాల్షియం, మెగ్నీషియం లవణాలు. ఫ్లోరైడ్ లేని ఊళ్లోనైనా కఠిన జలం పోస్తే అదే గతి.

మర్రిగూడ నీళ్లు, రాత్రి 11:21
బాబూ, నేను బడిలో సైన్సు చెప్పి రిటైర్ అయినవాణ్ని. పటిక, సున్నం వేసి నీళ్లలో ఫ్లోరైడ్ తగ్గించే పద్ధతికి నల్గొండ టెక్నిక్ అని మన ఊరి పేరే పెట్టారు. నాగపూర్‌లోని నీరి (పర్యావరణ పరిశోధన సంస్థ) వాళ్లు తయారు చేసిన పద్ధతి అది. కాబట్టి ఈ నీళ్ల సంగతి నాకు కొత్త కాదు. కఠిన జలం అన్న మాట సరైనదే, ఒప్పుకుంటాను. కానీ ఊళ్లో అందరూ ఫ్లోరైడ్ నీళ్లనే అంటారు, అలా చెబితేనే అర్థమవుతుంది. బోరు నీళ్లు పోయకూడదన్న నా మాట మాత్రం మారదు.

పానగల్ పోరడు, రాత్రి 11:24
సార్, నీళ్ల సంగతి తర్వాత చూద్దాం. స్కోడా ఆక్టావియా ఆర్‌ఎస్ అన్నా. టర్బో అన్నాను కాబట్టి తెలిసిపోతుందనుకున్నా. పొగ మామూలు పొగే.

రెండు డోర్లు, రాత్రి 11:27
అది స్పోర్ట్స్ కారు కాదు.

పానగల్ పోరడు, రాత్రి 11:28
ఎందుకు కాదన్నా?

రెండు డోర్లు, రాత్రి 11:36
నాలుగు డోర్లు, ఐదు సీట్లు, వెనక పెద్ద డిక్కీ. మామూలు ఆక్టావియాకు టర్బో పెట్రోల్ ఇంజిన్ పెట్టి, సస్పెన్షన్ గట్టిచేసిన కారు. స్పోర్ట్స్ సెడాన్ అనాలి. స్పోర్ట్స్ కారు అంటే మొదటి గీత నుంచే తోలడం కోసం గీసిన బండి. నేలకు దగ్గరగా ఉంటుంది, తేలికగా ఉంటుంది, ఎక్కువగా ఇద్దరికే చోటు. మన దేశంలో తయారైన శాన్ స్టార్మ్‌లో ఇంజిన్ చిన్నదే, అయినా రెండు సీట్లు, ఫైబర్ బాడీ, తీసేసే టాపు. అది స్పోర్ట్స్ కారు. వేగంగా పోయే ప్రతి బండినీ స్పోర్ట్స్ కారు అంటే మాటకు విలువ ఉండదు.

పాలమూరు టర్బో, రాత్రి 11:40
అన్నా, ఆర్‌ఎస్ అంటేనే ర్యాలీ స్పోర్ట్. పేరులోనే ఉంది కదా. 1.8 లీటర్ల టర్బో, 150 హార్స్‌పవర్, ఐదు గేర్ల మాన్యువల్. 2004లో మన దగ్గరికి వచ్చినప్పుడు ఆ ధరలో అలాంటి బండి ఇంకొకటి ఎక్కడుంది? మా కాలేజీ రోజుల్లో మహబూబ్‌నగర్‌లో ఒక్కటే ఉండేది. క్లాక్ టవర్ దగ్గర ఆగితే చుట్టూ మూగేవాళ్లం.

రెండు డోర్లు, రాత్రి 11:42
మంచి బండి కాదని నేను అనలేదు. స్పోర్ట్స్ కారు కాదన్నాను.

జడ్చర్ల షెడ్డు, రాత్రి 11:58
ఆ పంచాయితీ తర్వాత. తమ్మీ, మామూలు పొగ అనేది ఏదీ లేదు. జాగ్రత్తగా చదువు.

తెల్లటి పొగ నిమిషంలో ఆగిపోతే అది పొద్దున పూట ఆవిరి, భయం లేదు. ఆగకుండా వస్తూ, కాస్త తియ్యటి వాసన వేస్తే కూలెంట్ ఇంజిన్‌లోకి పోతోందని అర్థం. అంటే ఇంజిన్ హెడ్డు కింద ఉండే సీలు, హెడ్ గ్యాస్కెట్ పోయినట్టు. నల్లటిదైతే పెట్రోల్ ఎక్కువ కాలుతోంది, సెన్సర్లు చూసుకోవాలి. నీలం పొగ అయితే ఆయిల్ కాలుతోంది. మీ ఇద్దరు మెకానిక్‌లు కొట్లాడేది ఈ నీలం పొగ మీదే అనుకుంటున్నా.

నీలం పొగ ఎప్పుడు వస్తుందో చూస్తే ఎక్కడి నుంచో తెలుస్తుంది. రాత్రంతా నిలబెట్టిన బండిని పొద్దున స్టార్ట్ చేయగానే గుప్పున వచ్చి కాసేపట్లో ఆగిపోతే, వాల్వ్ సీళ్లు గట్టిపడి రాత్రి ఆయిల్ కిందికి కారిందన్నమాట. రబ్బరు కదా, ఏళ్లు గడిస్తే అంతే. దానికి ఇంజిన్ దించనక్కర్లేదు. యాక్సిలరేటర్ తొక్కినంతసేపూ వస్తుంటే రింగులు, సిలిండర్ బోరు అరిగినట్టు. కాసేపు ఐడిల్‌లో ఉంచి ఒక్కసారి రేజ్ ఇస్తే నీలంగా వస్తే టర్బో సీళ్లు కావచ్చు, వాల్వ్ సీళ్లూ కావచ్చు. అప్పుడు టర్బో నుంచి గాలిని చల్లబరిచే ఇంటర్‌కూలర్‌కు పోయే పైపు విప్పించు. లోపల పలుచగా ఆయిల్ తడి ఉంటే మామూలే. ఆయిల్ నిలిచి ఉంటే టర్బో పని అయిపోయినట్టే. టర్బో షాఫ్ట్‌ను వేలితో కదిలించి చూడు. పక్కలకు కొద్దిగా ఆడొచ్చు, ముందుకూ వెనక్కూ ఆడకూడదు.

నోటిమాట మీద ఇంజిన్ దించమనేవాళ్లను నమ్మకు. కంప్రెషన్ పరీక్ష చేయించు, అంటే సిలిండర్లలో ఒత్తిడి కొలిపించు. నాలుగు ప్లగ్గులూ తీయాలి, కాయిళ్ల కనెక్షన్లు, పెట్రోల్ పంపు ఫ్యూజు తీయాలి, యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కి సెల్ఫ్ కొట్టాలి. అంకె ఎంత వచ్చిందన్నదానికంటే నాలుగు సిలిండర్లూ దగ్గరదగ్గరగా ఉన్నాయా అన్నది ముఖ్యం. ఒకటి బాగా తక్కువ చూపిస్తే ప్లగ్గు రంధ్రంలోంచి ఒక చెంచా ఇంజిన్ ఆయిల్ పోసి మళ్లీ చూడాలి. పెరిగితే రింగులు. పెరగకపోతే వాల్వులు లేదా హెడ్డు. ఈ ఒక్క పరీక్షతో నీ గొడవ తేలిపోతుంది. గేజ్ ఉన్న ఏ షెడ్డులోనైనా గంట పని.

మర్రిగూడ సార్ చెప్పిన నీళ్ల మాట నిజమే కానీ ఈ బండికి రేడియేటర్ మీద మూత ఉండదు. గుండ్రటి ప్లాస్టిక్ ట్యాంకు ఉంటుంది, అందులో చూడాలి. గులాబీ రంగు కూలెంట్ ఉండాలి. ఎవరైనా అందులో పచ్చది కలిపి ఉంటే జిగురుగా తయారవుతుంది.

మర్రిగూడ నీళ్లు, రాత్రి 12:03
సరే. ట్యాంకులో చూడమనండి.

సాగర్ ఎడమ కాలువ, రాత్రి 12:06
ఇంజిన్ వాల్వులను సమయానికి తెరిచి మూసేలా నడిపే టైమింగ్ బెల్ట్ ఎప్పుడు మార్చారో అడిగారా? మా బావ ఒక పాత కారు కొన్నాడు. ముందు ఓనర్ ఈమధ్యే మార్పించానని చెప్పాడు, బిల్లు అడగలేదు. మూడో నెలలో హాలియా దాటాక బెల్ట్ తెగింది. వాల్వులన్నీ వంగిపోయాయి. కారుకు పెట్టిన దాంట్లో మూడో వంతు మళ్లీ ఇంజిన్‌కు పోయింది. మా అక్క ఆ నెల ఎంత ఏడ్చిందో నాకు తెలుసు. బిల్లు చేతిలో లేకపోతే మార్చలేదనే లెక్క.

జడ్చర్ల షెడ్డు, రాత్రి 12:09
అవును, ఈ ఇంజిన్‌కూ అంతే, బెల్ట్ తెగితే వాల్వులు పిస్టన్లకు తగులుతాయి. బెల్ట్‌తో పాటు టెన్షనర్, వాటర్ పంపు కూడా మార్చాలి. తక్కువ తిరిగింది కదా అని వదిలేయకూడదు, రబ్బరుకు వయసు కూడా ఉంటుంది.

పాలమూరు టర్బో, రాత్రి 12:14
ఆయిల్ పోసే మూత కూడా తీసి చూడు తమ్మీ. లోపల నల్లటి బంకలా పట్టి ఉంటే ఆయిల్ సమయానికి మార్చలేదని అర్థం. ఆ బంక పోయి ఇంజిన్ అడుగున ఆయిల్ ఉండే సంపులోని జల్లెడకు అడ్డుపడితే ప్రెషర్ పడిపోతుంది, ముందు పోయేది టర్బోనే. నాలుగో గేరులో నెమ్మదిగా పోతూ ఒక్కసారి నిండా తొక్కు. ఆర్‌పీఎం పెరిగి స్పీడు పెరగకపోతే క్లచ్ జారుతోంది. బండి దడదడలాడితే ఇగ్నిషన్ కాయిల్ అనుకో. అన్నిటికంటే ముందు బానెట్ మీద చెయ్యి పెట్టి చూడు. నువ్వు వెళ్లేసరికి వెచ్చగా ఉంటే నీకంటే ముందే స్టార్ట్ చేసి పొగ పోగొట్టారని అర్థం.

కొల్లాపూర్ మామిడి, రాత్రి 12:20
యాక్సిడెంట్ బండా చూశావా? సన్న గుడ్డ చుట్టిన అయస్కాంతం తీసుకుపో. పుట్టీ పెట్టిన చోట అంటదు. వెనక స్టెప్నీ తీసి కింద రేకు చూడు, ముడతలు, కొత్త వెల్డింగ్ ఉంటే వెనక నుంచి గుద్దుకుందన్నమాట. సీటు బెల్టును చివరిదాకా లాగు. మట్టి గీత కనిపిస్తే నీళ్లలో మునిగిన బండి. 2020 అక్టోబర్ వానలకు హైదరాబాద్‌లో ఎన్ని కార్లు మునిగాయో అందరికీ తెలుసు. టైర్ల మీద నాలుగంకెలు ఉంటాయి. 2319 అంటే 2019లో 23వ వారం. టైరు గుండీలు నిండుగా ఉన్నా ఆ అంకెలు చూడకుండా వదలకు.

నార్కట్‌పల్లి జంక్షన్, రాత్రి 12:24
కాయిదాలు చూశావా? నంబర్ ప్లేట్ ఎక్కడిది?

పానగల్ పోరడు, రాత్రి 12:31
షెడ్డన్నా, చాలా థాంక్స్. నీలంగానే ఉంది, పొద్దున ఒక్కసారే, పది సెకన్లేమో. బెల్ట్ బిల్లు లేదు. ప్లేట్ కర్ణాటకది, కేఏ. ఆయన రాయచూర్‌లో కొన్నాడట, మూడేళ్లుగా ఇక్కడే తోలుతున్నాడు. 2004 మోడల్. కాయిదాలు అన్నీ ఉన్నాయన్నాడు. 3.20 లక్షలు చెప్పాడు, 50 వేలు బయానా ఇచ్చేశాను.

నార్కట్‌పల్లి జంక్షన్, రాత్రి 12:33
ఇది ముందు చెప్పాల్సింది.

నార్కట్‌పల్లి జంక్షన్, రాత్రి 12:41
ఆర్‌సీ మీద ఎప్పటిదాకా చెల్లుతుందో తేదీ ఉంటుంది, చూడు. 2004 బండికి 15 ఏళ్లు 2019లోనే అయిపోయాయి. తర్వాత ఐదేళ్లకోసారి ఫిట్‌నెస్ చూపించి రెన్యూవల్ చేయించాలి. చేయించాడా? వేరే రాష్ట్రం బండిని 12 నెలలకు మించి ఇక్కడ ఉంచితే ఇక్కడి నంబరు తీసుకోవాలని చట్టంలోనే ఉంది. అతను మూడేళ్లు తోలాడంటే అది చేయలేదు. కర్ణాటక నుంచి ఎన్‌ఓసీ తేవాలి, ఇక్కడ లైఫ్ ట్యాక్స్ కట్టాలి, గ్రీన్ ట్యాక్స్ వేరే. పైగా 20 ఏళ్లు దాటిన కారుకు రెన్యూవల్ ఫీజు 2025 ఆగస్టులో 10,000 చేశారు. లోన్ ఉంటే బ్యాంకు నుంచి ఎన్‌ఓసీ వేరే. ప్రభుత్వ యాప్ ఎంపరివాహన్‌లో నంబరు కొట్టి ఓనర్ పేరు, చెల్లుబాటు తేదీ ఇప్పుడే చూడు.

కొల్లాపూర్ మామిడి, రాత్రి 12:44
15 ఏళ్లు దాటిన పెట్రోల్ బండ్లను తుక్కు చేయాలి కదా? అసలు రోడ్డెక్కనివ్వరు.

నార్కట్‌పల్లి జంక్షన్, రాత్రి 12:47
ఆ గొడవ ఢిల్లీ చుట్టుపక్కలది. తెలంగాణలో ఫిట్‌నెస్ పాసై రెన్యూవల్ ఉంటే తోలుకోవచ్చు. ఈ మాట ఎవరో ఒకరు చెప్పడం, అది విని భయపడి మంచి బండ్లను తక్కువకు అమ్ముకోవడం, చూసి చూసి విసిగిపోయాను.

కొల్లాపూర్ మామిడి, రాత్రి 12:49
తుక్కు పాలసీ దేశమంతటికీ అన్నారు కదా.

నార్కట్‌పల్లి జంక్షన్, రాత్రి 12:52
పాలసీ వేరు, నిషేధం వేరు. సొంత బండి ఫిట్‌నెస్‌లో ఫెయిలైతే తుక్కు. పాసైతే కాదు.

రెండు డోర్లు, రాత్రి 12:55
పాత బండ్లకు ఈ20 (20 శాతం ఇథనాల్ కలిపిన) పెట్రోల్ సంగతి కూడా ఉంది. 2004 నాటి పెట్రోల్ పైపులు, సీళ్లు ఇథనాల్ కోసం చేసినవి కావు. ఇంజిన్ దగ్గర పైపులు చేత్తో తడిమి చూడాలి, పగుళ్లున్నా మెత్తబడ్డా మార్చాల్సిందే. పెట్రోల్ పైపును నిర్లక్ష్యం చేస్తే మంటలే.

పానగల్ పోరడు, రాత్రి 1:03
యాప్‌లో ఆర్‌సీ చెల్లుబాటు 2019 చూపిస్తోంది. ఓనర్ పేరు కూడా ఈయనది కాదు.

జడ్చర్ల షెడ్డు, రాత్రి 1:06
తమ్మీ, పొగకంటే ఇదే పెద్ద సంగతి. పది సెకన్ల నీలం పొగ వాల్వ్ సీళ్లదే అనిపిస్తోంది, నువ్వు చెప్పినదాన్ని బట్టి ఇంజిన్ మంచిదే కావచ్చు. కానీ కాయిదాలు లేని బండి గుద్దుకుంటే నీ మీదకు వస్తుంది. రేపు డబ్బు కట్టకు. ఆర్‌సీలో ఉన్న మనిషిని తీసుకురమ్మను. చాసిస్ నంబరు, ఇంజిన్ నంబరు బండి మీద ఉన్నవీ ఆర్‌సీలో ఉన్నవీ నీ కళ్లతో పోల్చుకో. రెన్యూవల్ కర్ణాటకలో చేయించాలా ఇక్కడా అన్నది నల్గొండ ఆర్టీవో ఆఫీసులో నువ్వే అడుగు, ఏజెంట్ మాట మీద పోకు. బయానా కాగితం రాయించుకున్నావా?

పానగల్ పోరడు, రాత్రి 1:09
లేదన్నా. ఫోన్‌పే చేశా.

నార్కట్‌పల్లి జంక్షన్, రాత్రి 1:11
ఫోన్‌పే చేసినది ఆధారమే. స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకో. కాయిదాలు వచ్చాకే మిగతాది అని మెసేజ్ పెట్టు. ఫోన్‌లో మాట్లాడకు, రాసి పంపు.

పాలమూరు టర్బో, పొద్దున 6:48
పెట్టావా తమ్మీ?

సాగర్ ఎడమ కాలువ, పొద్దున 11:20
ఏమైంది?

పానగల్ పోరడు, సాయంత్రం 5:37
డబ్బు కట్టలేదు. ఓనర్ బెంగళూరులో ఉన్నాడట, వారం ఆగమన్నారు. కంప్రెషన్‌కు మాత్రం బండి ఇస్తామన్నారు, ఎల్లుండి తీసుకెళ్తా. థాంక్స్ అన్నలూ.

మర్రిగూడ నీళ్లు, సాయంత్రం 6:02
ట్యాంకులో రంగు చూశావా?

కొల్లాపూర్ మామిడి, రాత్రి 9:15
మా దగ్గర 2006 ఫియట్ పాలియో ఉంది, పెట్రోల్. దానికీ నీలం పొగే వస్తోంది, కానీ ఘాట్ ఎక్కేటప్పుడు మాత్రమే. షెడ్డన్నా, అది కూడా సీళ్లేనా?