ఎడమ లేన్‌ని విడిగా గీయాలా?

అందరికీ నమస్కారం. ఎవరైనా సరిదిద్దగలిగే ఉచిత మ్యాప్ ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లో మన వైజాగ్ జంక్షన్లు సరిచేస్తూ, జాతీయ రహదారి 16 మీద మద్దిలపాలెం దగ్గర ఆగిపోయాను. డివైడర్ లాంటి అడ్డు ఉంటేనే వేరే దారిగా గీయాలి. ఉత్త పెయింట్ గీతలైతే లేన్లు పెరిగే చోట రోడ్డు గీతను ముందు ముక్క, వెనక ముక్కగా విడగొట్టి, ఏ లేన్ ఎటు తిరుగుతుందో చెప్పే టర్న్ లేన్స్ ట్యాగ్‌లో ఎడమ నుంచి కుడికి వరసగా రాయాలి. అంతవరకు తెలుసు.

నిన్న సాయంత్రం వెళ్లి నిలబడి చూశాను. బాణం గుర్తులు సగం చెరిగిపోయాయి. ఎడమ అంచున ఆటోలు ఆగి జనాన్ని ఎక్కించుకుంటుంటే, ఎడమకు తిరగాల్సిన బళ్లు రెండో లేన్ నుంచే తిరుగుతున్నాయి. మరి గుర్తుల్ని బట్టి రాయాలా, బళ్లు తిరిగే తీరును బట్టా? తప్పు రాస్తే పక్కన బస్సు ఉండగా లేన్ మారమని ఫోన్ చెబుతుంది, అదే నా టెన్షన్. ఇలాంటి జంక్షన్ గీసినవాళ్లు దయచేసి చెప్పండి.