చెల్లి షాట్‌పుట్ అంటోంది, నాన్న వద్దంటున్నాడు. ఏం చేయాలి?

సూర్యాపేట_అన్న
అందరికీ నమస్తే. కాస్త పెద్ద పోస్టు, ఓపిగ్గా చదవండి. మాది సూర్యాపేట దగ్గర పల్లె. చెల్లికి 17 ఏళ్లు, ఇంటర్ సెకండియర్ సీఈసీ. పుట్టిన నెలలోనే తుంటి కీలులో చీము పట్టింది. ఆపరేషన్ చేసి తీశారు గానీ ఎడమ కాలు కుడికాలితో సమానంగా పెరగలేదు, ఇప్పుడు దాదాపు మూడు అంగుళాలు పొట్టి. ఎడమ చెప్పు అడుగున మా ఊరి తాత ఒకాయన టైరు ముక్కలు పొరలు పొరలుగా అతికించి ఇస్తాడు, నాలుగు నెలలకల్లా ఒకవైపు అరిగిపోతుంది, మళ్లీ ఆయన దగ్గరికే. సదరం సర్టిఫికెట్‌లో వైకల్యం 52 శాతం అని ఉంది. పింఛను 4,016 వస్తుంది, అది వచ్చిన రోజే గ్యాస్‌కీ కిరాణా కొట్టుకీ పోతుంది.

పోయినేడాది కాలేజీ ఆటల పోటీల్లో సరదాకి షాట్‌పుట్ వేసింది, అంతే, అప్పటి నుంచి అదే పిచ్చి. ఇంట్లో సన్నికల్లు పొత్రం తీసుకెళ్లి పెరట్లో విసురుతుంది. అమ్మ పచ్చడి నూరదామని చూస్తే పొత్రం ఉండదు, బీరపాదు కింద దొరుకుతుంది. నాన్న మార్కెట్ యార్డులో హమాలీ, నడుం పట్టేసి ఈ సీజన్‌లో సగం రోజులు పనికే పోలేదు. నేను హైదరాబాద్‌లో మొబైల్ షాపులో చేస్తున్నా, 14 వేలు. "డిగ్రీ చేసి కోటాలో ఉద్యోగం చూసుకోమను, రాళ్లు విసిరితే ఎవడు అన్నం పెడతాడు" అంటాడు నాన్న. ఆయన మాట తప్పని అనలేను. కానీ ఇదంతా ఎక్కడ మొదలుపెట్టాలో తెలిసినవాళ్లు చెప్పండి. ధైర్యం చెప్పే మాటలు వద్దు, అవి యూట్యూబ్‌లో చాలా విన్నాం.

ఓరుగల్లు_పోరడు
అన్నా, జీవంజి దీప్తి గురించి మీ నాన్నకి చెప్పు. మా జిల్లానే, కల్లెడ. తల్లిదండ్రులు కూలీలు. 2024లో జపాన్‌లోని కోబెలో ప్రపంచ పారా పోటీల్లో 400 మీటర్లు 55.07 సెకన్లలో పరుగెత్తి టీ20 (మేధో వైకల్యం ఉన్నవాళ్ల) విభాగంలో ప్రపంచ రికార్డు కొట్టింది, అదే ఏడాది పారిస్ పారాలింపిక్స్‌లో కాంస్యం. తర్వాత రాష్ట్ర ప్రభుత్వం కోటి రూపాయలు, వరంగల్‌లో 500 గజాల స్థలం, గ్రూప్-2 ఉద్యోగం ప్రకటించింది. రాళ్లు విసిరితే అన్నం పెడతారు అన్నా!

రిటైర్డ్_పీఈటీ
తమ్ముడూ, పై కుర్రాడు చెప్పింది నిజమే కానీ సగమే చెప్పాడు. పతకం తర్వాత వచ్చిన కోటి అందరికీ కనిపిస్తుంది. కోచ్ నాగపురి రమేశ్ గారు ఆ పిల్లని గుర్తించి హైదరాబాద్ పంపమంటే బస్సు చార్జీలకి కూడా ఇబ్బంది పడ్డారని అప్పట్లో పేపర్లలో వచ్చింది. ఆ దశలో ఉన్నది మీ చెల్లి, కోటి దగ్గర కాదు.

అసలు సంగతికి వస్తా. పారా అథ్లెటిక్స్‌లో సదరం శాతం వేరు, ఆటలో క్లాసిఫికేషన్ (వైకల్యాన్ని బట్టి ఆటగాళ్లని క్లాసులుగా విడదీయడం) వేరు. 52 శాతం ఉంది కదా అని ఎంట్రీ దొరకదు. కాళ్ల పొడవులో తేడా కింద తీసుకోవాలంటే అంతర్జాతీయ నిబంధన ప్రకారం కనీసం 7 సెంటీమీటర్లు ఉండాలి. మూడు అంగుళాలంటే ఏడున్నర. అంటే మీరు సరిగ్గా గీత మీద ఉన్నారు. "దాదాపు" అన్నావు చూడు, అక్కడే నాకు భయం. నిలబెట్టి కొలిస్తే లెక్కలోకి రాదు, వెల్లకిలా పడుకోబెట్టి తుంటి ముందు పొడుచుకొచ్చే ఎముక దగ్గర నుంచి లోపలివైపు చీలమండ ఎముక దాకా టేపు పెట్టాలి, రెండు కాళ్లకీ. మంచి ఫిజియో దగ్గర ముందు ఆ ఒక్క పని చేయించండి. కొలత కొద్దిలో తప్పినా, తుంటి కీలు బిగుసుకుపోయి ఉంటే దాని కింద అర్హత వచ్చే వీలుంది, దానికి వేరే కొలతలు. చిన్నప్పటి ఆపరేషన్ కాగితాలు, ఎక్స్‌రేలు ఉంటే పారేయకండి.

ఇంకోటి. ప్రతి క్లాస్‌కీ ప్రతి ఈవెంటూ పారాలింపిక్స్‌లో ఉండదు. షాట్ బరువు కూడా క్లాస్‌ని బట్టి మారుతుంది. క్లాస్ తెలియకుండా రెండేళ్లు షాట్ వేయించి, తర్వాత "నీ క్లాస్‌కి డిస్కస్సే ఉంది" అంటే ఆ పిల్ల ఏమవ్వాలి? నా చేతుల మీదుగా ఒకబ్బాయికి అలాగే జరిగింది, తప్పు నాదే, ముందు కనుక్కోలేదు.

పొత్రం మాత్రం ఆపమను. అది గుండ్రంగా ఉండదు, మణికట్టు పోతుంది.

కాలిపర్_అక్క
నాకు పోలియో, కుడికాలికి కాలిపర్ (ఊతానికి కట్టుకునే పట్టీ), జూనియర్ అసిస్టెంట్‌గా చేస్తున్నా. మీ నాన్న వైపు ఒక్కరైనా మాట్లాడాలి కదా, నేను మాట్లాడతా. 40 శాతం దాటింది కాబట్టి 2016 చట్టం ప్రకారం ప్రభుత్వ ఉద్యోగాల్లో 4 శాతం, పై చదువుల సీట్లలో 5 శాతం కోటా ఆమెకి వర్తిస్తుంది. ఉద్యోగాల్లో ఆ నాలుగు కూడా రకాల వారీగా పంచుతారు, మన కాళ్ల వాళ్ల వాటా ఒక శాతమే, పోటీ బాగానే ఉంటుంది. కాబట్టి డిగ్రీ మాత్రం మానొద్దు.

అయితే ఆట మానేయమని నేనూ అనను. నన్ను చిన్నప్పుడు ఆటల పీరియడ్‌లో బ్యాగులకి కాపలా కూర్చోబెట్టేవాళ్లు. పదేళ్లు కాపలా కాశాను. ఈ పిల్ల పొత్రం ఎత్తుకెళ్లిందని చదవగానే నవ్వొచ్చింది, కళ్లలో నీళ్లు కూడా వచ్చాయి.

ఒకవేళ కోచింగ్ కోసం ఆమెను హైదరాబాద్ తెస్తే, ముందు హాస్టల్ నువ్వే వెళ్లి చూడు. గది ఎన్నో అంతస్తు, బాత్రూం గడప ఎంత ఎత్తు, తడి నేల మీద పట్టుకోవడానికేమైనా ఉందా అని. నేను డిగ్రీలో ఉండగా రెండో అంతస్తులో గది ఇచ్చారు, మెట్లకి భయపడి సాయంత్రాలు నీళ్లు తాగడం మానేసేదాన్ని. కోచింగ్ ఎంత బాగున్నా అలాంటి చోట పిల్ల మూడు నెలలు కూడా నిలవదు.

ఓరుగల్లు_పోరడు
సార్, అక్కా, నాకు ఇవన్నీ తెలియవు. ఊరికే ఊపులో రాసేశా.

సూర్యాపేట_అన్న
అందరికీ థాంక్స్. పీఈటీ సార్ పోస్టు చూసి ఆదివారం బస్సెక్కి ఊరికెళ్లా. చాప మీద పడుకోబెట్టి అమ్మ టైలరింగ్ టేపుతో కొలిచాం. మొదటిసారి 7.4, రెండోసారి 6.8, మూడోసారి నాన్న వచ్చి "పక్కకి జరుగు, నీకు టేపు పట్టడం రాదు" అని తనే పట్టాడు, 7.2 వచ్చింది. చెల్లి పడుకునే "ఏడు దాటిందా లేదా చెప్పు" అని అరుస్తోంది. మంగళవారం ఫిజియో దగ్గరికి తీసుకెళ్తున్నాం. ఆపరేషన్ కాగితాలు దొరకలేదు, ఎక్స్‌రే ఒకటి మాత్రం బియ్యం డబ్బా వెనకాల దొరికింది, దాని మీద తేదీ చెరిగిపోయింది. అది పనికొస్తుందా సార్?

రిటైర్డ్_పీఈటీ
తేదీ లేకపోతే కష్టం. కొత్తది తీయించండి, రెండు కాళ్లూ పూర్తిగా పడేలా తీయమని అడగండి. పాతది కూడా దగ్గర పెట్టుకో. మంగళవారం కొలత ఎంత వచ్చిందో ఇక్కడే రాయి.