రింగు వల: పూర్తిగా ఆపాలా, 8 కిలోమీటర్ల అవతల వదలాలా?

భీమిలి_రోడ్డు
2022 జనవరిలో విశాఖ తీరంలో రింగు వలల గొడవ ముదిరి పడవలు తగలబడ్డాయి, ఊళ్లలో 144 సెక్షన్ పెట్టారు. అధికారులు ఇరుపక్షాలనీ కూర్చోబెట్టి మాట్లాడారు. అయినా అసలు సంగతి తేలలేదు. తెలియనివాళ్ల కోసం చెబుతున్నా. చేపల గుంపు కనబడగానే పడవతో చుట్టూ తిరిగి వల దింపుతారు, అడుగున రింగుల్లోంచి పోయే తాడు లాగితే కింద మూసుకుపోతుంది. గుంపు గుంపంతా లోపలే. 1994 నాటి మన రాష్ట్ర చట్టం ప్రకారం ఒడ్డు నుంచి 8 కిలోమీటర్ల వరకు సంప్రదాయ పడవలదే. అవతలైతే రింగు వల వేసుకోవచ్చని ఒక పక్షం, అసలు వద్దే వద్దని ఇంకో పక్షం. మీరేమంటారు? ఊళ్ల పేర్లు రాయకండి, రెండు వైపులా మన చుట్టాలే ఉన్నారు.

తెప్పకొయ్య
పూర్తిగా ఆపాలి. ఇందులో చర్చ ఏముంది?

మాది మామూలు వలలు వేసే కుటుంబం. ఫైబర్ పడవ, పది గుర్రాల ఇంజను, నలుగురం. వల వేసి తెల్లారేదాకా కాస్తాం. పడినవి పడతాయి, తప్పించుకున్నవి పోతాయి. సముద్రానికి కొంత వదలడం మా పద్ధతిలోనే ఉంది. రింగు వలకి అది లేదు. కవళ్ల (సార్డిన్ చేపల) గుంపు వస్తే తల్లీ పిల్లా తేడా లేదు. కవళ్లని తినడానికి వచ్చే కోనెం, పార లాంటి పెద్ద చేపలు మాకు తగిలేవి. మేత పోతే అవెందుకొస్తాయి? ముందు ఇది చెప్పండి: వాళ్ల వల కన్ను, అంటే అల్లికలో రంధ్రం, ఎంత? చట్టంలో 15 మిల్లీమీటర్లకి తగ్గకూడదని ఉంది.

కాకినాడ_కుర్రోడు
మా వైపూ ఇదే గోల.

తూర్పుగాలి
అన్నా, కన్ను గురించి నువ్వు అడక్కూడదు. మీ ఊళ్లో నెత్తళ్ల వల ఉందా లేదా? దాని కన్నులో చిటికెనవేలు దూరుతుందా? ఒడ్డు మీంచి లాగే అలివి వల సంచిలో పొద్దున్నే ఏం పడుతుందో ఎప్పుడైనా చూశావా? గోరంత పిల్ల చేప. అది సంప్రదాయం కాబట్టి పాపం లేదా?

మా రింగు వల ఒక్కడిది కాదు. ముప్పై నలభై ఇళ్లవాళ్లు తలా కొంత వేసుకుని, బంగారం కుదువపెట్టి కొన్నారు. వేటకెళితే అంతమందికీ వాటా. ట్రాలరు (అడుగున వల ఈడ్చే పెద్ద మరపడవ) ఓనరుకి ఒక్కడికే పోయే డబ్బు మా దగ్గర ఊరంతా పంచుకుంటుంది. ఆ ట్రాలర్లు రాత్రిపూట 8 కిలోమీటర్ల లోపలికొచ్చి అడుగంతా గీరుకుపోతుంటే వాళ్ల మీదకి ఒక్కడూ వెళ్లడు. మా మీదకే ఎందుకొస్తారు?

తెప్పకొయ్య
నెత్తళ్ల వలకి చిక్కేది నెత్తళ్లే. అది ఎదిగినా అంతే ఉండే చేప, పిల్ల చేప కాదు. నువ్వు అడిగింది వేరు, నేనడిగింది వేరు. రింగు వల కన్ను ఎంత? ఒక్క అంకె చెప్పు చాలు.

తూర్పుగాలి
అలివి వల సంగతి చెప్పు, నేను కన్ను చెబుతా.

సాగరశాస్త్రం
ఆంధ్రా యూనివర్సిటీలో సముద్ర జీవశాస్త్రం చదువుతున్నాను. రెండు విషయాలు.

కేరళలో రింగు వలలు దశాబ్దాలుగా ఉన్నాయి. అక్కడ నూనె కవళ్లు 2012లో దాదాపు 3.9 లక్షల టన్నులు పడితే 2021లో 3,297 టన్నులే పడ్డాయి. ఇవి కేంద్ర సముద్ర చేపల పరిశోధన సంస్థ (సీఎంఎఫ్‌ఆర్‌ఐ) లెక్కలు. దీన్ని చూపించి వలదే తప్పంటే తొందరపాటు. నీటి వేడి, ఎల్‌నినో (పసిఫిక్ సముద్రం వేడెక్కి వాతావరణం మారడం), మేత దొరక్కపోవడం కూడా కారణాలని శాస్త్రవేత్తలు చెప్పారు. వలది తప్పే లేదనడం కూడా సరికాదు. బలహీనపడ్డ గుంపు మీద అదే జోరుతో వల పడితే కోలుకోవడం ఆలస్యమవుతుంది.

రెండోది, కేరళ వలని ఆపలేదు, చేప సైజుకి గీత పెట్టింది. నూనె కవళ్లు 10 సెంటీమీటర్లు, కానాగంత (మాకెరల్) 14 సెంటీమీటర్లు దాటితేనే పట్టాలి. దాన్ని ఒడ్డు మీద, చేప దింపే చోట చూడొచ్చు. సముద్రంలో ఎవరు 8 కిలోమీటర్లు కొలుస్తారు?

తెప్పకొయ్య
తమ్ముడూ, ఒడ్డుకి చేరేసరికి చేప చచ్చిపోయి ఉంటుంది. చిన్నదని జరిమానా వేస్తే బతికొస్తుందా?

నెల్లూరు_తీరం
తమిళనాడు 2000లోనే ఈ వలని ఆపింది. అక్కడి వలవాళ్లు కోర్టుకెళ్లారు. 2023 జనవరిలో సుప్రీంకోర్టు 12 నాటికల్ మైళ్ల అవతల, సోమవారం గురువారం మాత్రమే, పొద్దున 8 నుంచి సాయంత్రం 6 లోపు వేసుకోండని మధ్యంతర ఉత్తర్వు ఇచ్చింది. మనకీ అలాంటిదే పెట్టొచ్చుగా.

తూర్పుగాలి
12 మైళ్లంటే 22 కిలోమీటర్లు. పది గుర్రాల ఇంజనుతో అక్కడిదాకా పోయి సాయంత్రం ఆరులోపు తిరిగి రావాలా? కవళ్లు సోమవారం గురువారం చూసుకుని వస్తాయా? ఆ ఉత్తర్వు పెద్ద బోట్లవాళ్లకి సరిపోతుంది, మాకు కాదు.

చేపలగంప
ఇంతసేపూ మగవాళ్ల వలల గురించే సాగింది. మా అమ్మ గంప మోసి అమ్మింది, నేనూ అమ్ముతున్నాను. నా మాట కూడా వినండి.

రింగు వలలు నాలుగైదు ఒకేరోజు దిగితే కవళ్ల ధర పొద్దున ఒకటి, తొమ్మిదింటికి ఒకటి. ఐసు ఉండదు, నీడ ఉండదు. పక్కనే లారీ ఉంటుంది, చేపల పొడికి తీసుకుపోయేది. గంపకిచ్చే రేటు కంటే తక్కువకే మొత్తం దానికి ఎత్తేస్తారు, ఎందుకంటే అతను ఒక్కసారే డబ్బిస్తాడు. మేము వందా రెండొందలకి బేరమాడేవాళ్లం, మాకెవరు ఆగుతారు? ఎండబెట్టుకునేవాళ్లకైతే అసలు సరుకే దొరకడం లేదు. మనుషులు తినాల్సిన కవళ్లు కోళ్ల దాణాకి, రొయ్యల మేతకి పోతున్నాయి. ఏ వల అన్నది మీరు తేల్చుకోండి. ఒడ్డుకొచ్చిన చేప ముందు గంపకి, మిగిలితే లారీకి అన్న కట్టుబాటు మాత్రం పెట్టండి. ఊరిపెద్దలు తలుచుకుంటే ఒక్క మాటతో అయిపోతుంది.

తూర్పుగాలి
అక్కా, లారీవాడు అడ్వాన్సిచ్చాడు. వలకి పెట్టిన డబ్బులో సగం అతనిదే. ముందు గంపకని మేమెలా చెప్పగలం?

తెప్పకొయ్య
చూశారా! ఊరంతా పంచుకుంటుందని ఇందాక అన్నాడు. వలలో సగం లారీవాడిదట. వాటా ఎవరికి పోతోందో తేలిపోయింది.

తూర్పుగాలి
అప్పు తెస్తే తప్పా? మీ ఇంజను ఎవరి డబ్బుతో కొన్నారు? మీ ఊళ్లో ఎన్ని ఇళ్లు అప్పులో లేవు? వల కొనే ధైర్యం లేక కొన్నవాళ్ల మీద పడుతున్నారు, అంతే.

తెప్పకొయ్య
ధైర్యం గురించి నువ్వు మాట్లాడకు. మా బావ పడవ ఆ గొడవల్లో కాలిపోయింది. నెలల తరబడి ఇంకొకడి పడవలో కూలికెళ్లాడు. ఆ రోజు ఒడ్డున ఎవరెవరున్నారో నాకు తెలుసు. మా ఊరికి ఎదురుగా ఉన్న నీళ్లలో మా తాతలనాటి నుంచి మేమే వేస్తున్నాం. నువ్వు దక్షిణం నుంచో ఉత్తరం నుంచో వచ్చి మా ఎదురుగా చుట్టి గుంపెత్తుకుపోతావు, మేము చూస్తూ కూర్చోవాలా? నాకు కావల్సింది కన్నూ కాదు, 15 మిల్లీమీటర్లూ కాదు. మా ఎదురు నీళ్లలోకి రావద్దు.

భీమిలి_రోడ్డు
దయచేసి ఎవరున్నారు, ఎవరు తగలబెట్టారు అన్నది ఇక్కడ వద్దు.

తూర్పుగాలి
ఇప్పుడు అసలు మాట అన్నావు. అయితే నేనూ అంటాను.

మా ఊరికీ ఎదురు నీళ్లుండేవి అన్నా. నా చిన్నప్పుడు మా ఒడ్డున తెప్పలు వరసగా ఉండేవి. పోర్టు వచ్చింది. గోడ కట్టారు, కాలువ తవ్వారు, ఓడలు తిరిగే దారిలో వల వెయ్యొద్దన్నారు. ఇసుక ఒకవైపు మేట వేసింది, ఇంకోవైపు కోసుకుపోయింది. ఇల్లిస్తామన్నారు, ఉద్యోగమన్నారు. ఇంటికొకరికి ఇస్తామన్న ఉద్యోగం కోసం మా నాన్న ఎన్ని ఆఫీసుల చుట్టూ తిరిగాడో. చివరికి అతనికి వచ్చింది వాచ్‌మన్ పని, అదీ కాంట్రాక్టుది. మరి నా ఎదురు నీళ్లెక్కడున్నాయి? అందుకే చేప ఎక్కడుంటే అక్కడికి పోతాను. రింగు వల మాకు సరదా కాదు. నిలిచి వల వేసుకునే చోటు పోయినవాడు గుంపు వెంట పరిగెత్తాలి. పరిగెత్తేవాడికి ఆ వలే కావాలి.

సాగరశాస్త్రం
చట్టంలో పెద్ద ఖాళీ ఇక్కడే ఉంది. 8 కిలోమీటర్ల గీత పడవల మధ్య గీత: సంప్రదాయ పడవలు లోపల, మరపడవలు బయట. ఊరికీ ఊరికీ మధ్య ఏమీ చెప్పదు. ఊళ్ల కట్టుబాట్లు ఎప్పటి నుంచో ఉన్నా కాగితం మీద లేవు. పోర్టుకి, పైపులైనుకి ఇచ్చే కేటాయింపు మాత్రం కాగితం మీద ఉంటుంది. అందుకే వాళ్లది హక్కు అవుతుంది, మీది గొడవ అవుతుంది. 12 మైళ్ల దాకా రాష్ట్రం, అవతల కేంద్రం. ఆ 12 మైళ్ల లోపల ఏ ఊరు ఎక్కడ వేస్తుందో మ్యాపు గీసి గెజిట్‌లో పెట్టించుకుంటే, రేపు ఇంకో పోర్టు వచ్చినప్పుడు చూపించడానికి ఒకటి ఉంటుంది.

నెల్లూరు_తీరం
మ్యాపు గీస్తే ఊళ్లూ ఊళ్లూ మళ్లీ కొట్టుకుంటాయి.

చేపలగంప
ఇప్పుడు కొట్టుకోవడం లేదా? ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు ఇంజను పడవలన్నీ ఒడ్డునే ఉంటాయి. ఆ రెండు నెలల్లో పెద్దలు కూర్చోలేరా? ఆడవాళ్లని కూడా పిలవండి, ఈసారి.

తెప్పకొయ్య
తూర్పుగాలీ, నీ ఊరు ఏదో అర్థమైంది. మీ వాళ్లకి జరిగింది అన్యాయమే. పోర్టు గోడ ముందు కూర్చుంటానంటే మా ఊరి నుంచి కూడా వస్తాం, నేను మాట్లాడతాను. నీకు పోయిన నీళ్లని నా నీళ్లలోంచి తీసుకుంటానంటే మాత్రం ఒప్పుకోను. వల విషయంలో నా మాట అదే. ఆపాల్సిందే.

తూర్పుగాలి
గోడ ముందుకి ఎప్పుడొస్తావో తేదీ చెప్పు. వల గురించి అక్కడ మాట్లాడుకుందాం.