అప్‌డేట్: రాశిఫలం ఇప్పుడు రాత్రి చదువుతున్నా

పొద్దున్నే రాశిఫలం చూడందే ఏ పనీ మొదలుపెట్టలేకపోతున్నాను, మా ఆయనతో మాట్లాడాలన్నా భయమేస్తోంది అని పోయిన నెల అడిగాను కదా. "రాత్రి పడుకునే ముందు చదివి చూడండి" అని ఒకరు చెప్పారు. అదే చేశాను.

మొదటి నాలుగు రోజులు ఒకటే టెన్షన్. తర్వాత తెలిసిందేంటంటే, ఒక యాప్‌లో నాది మేషం, ఇంకోదాంట్లో మీనం! ఒకటి పుట్టిన తేదీని బట్టి సూర్యరాశి, రెండోది జన్మనక్షత్రాన్ని బట్టి చంద్రరాశి చెబుతున్నాయి. ఇన్నాళ్లూ రెండూ చదివి, ఏది చెడ్డగా ఉంటే అదే నమ్మాను. (నా తెలివికి నాకే నవ్వొచ్చింది.)

ఓ రాత్రి చూస్తే "కుటుంబంలో మాట పట్టింపులు" అని ఉంది. ఆ సాయంత్రమంతా మేమిద్దరం పాత ఫొటోలు చూసుకుంటూ నవ్వుకున్నాం. అదే పొద్దున చదివుంటే, ఆయన "చార్జర్ ఎక్కడ పెట్టావ్?" అన్నా గొడవ మొదలైందనుకునేదాన్ని.

ఈ సంగతి చెప్తే, "అందుకేనా కొన్ని రోజులు పొద్దుట్నుంచే ముభావంగా ఉండేదానివి?" అన్నారు. ఏం చెప్పాలో తోచలేదు.

పూర్తిగా మానలేదు. ఉద్యోగం మారాలా వద్దా అన్నది తేల్చుకోవాలి. ఈసారి మాత్రం ముందు ఆఫర్ లెటర్ చదువుతా.