35 వేలు పెట్టి పాత కెమెరా డ్రోన్ కొనాల్నా, చెప్పులేసుకొని చేను తిరగాల్నా?

కిన్వట్ పత్తోడు:
అన్నలకు అక్కలకు నమస్తే. మాది కిన్వట్ తాలూకా, నాందేడ్ జిల్లా అన్న పేరే గని మాకు ఏ పని పడ్డా ఆదిలాబాదే దగ్గర. 11 ఎకరాల నల్లరేగడి, పత్తి పెట్టిన, నడుమ నడుమ కంది సాలు. మొన్న ఒకాయన డ్రోన్ తెచ్చి ఎకరాకు 200 లెక్కన ఎగిరేసి, రెండు రోజులకు ఫోన్ల పీడీఎఫ్ పంపిండు, ఎరుపు పసుపు ఆకుపచ్చ రంగులేసి "పంట ఆరోగ్య పటం" అని. ఎర్రగ చూపిచ్చిన కాడికి ఉరికిన, ఆడ ఏం రోగం లేదు, మొలక దాటిపోయిన జాగ, ఉత్త నల్లమట్టి. మంచి పచ్చగ చూపిచ్చిన గెట్టు పక్కన ఆకులు కిందికి ముడుచుకొని అంచులు పసుపు తిరిగి పచ్చదోమ పట్టి ఉన్నది. నాకు కోపం వచ్చింది, 2200 పాయె. అయితే మా చిన్నాయన కొడుకు ఏమంటుండంటే వాని మిషన్ తప్పు కాదు వాడే తప్పు, మనమే 35 వేలకు సెకండ్ హ్యాండ్ చిన్న డ్రోన్ కొందాం, మనది చూసుకుందాం, ఊర్ల పది మందికి ఎగరేస్తే పైసలు ఎల్లుతయి అని. కొనాల్నా వద్దా, తెలిసినోళ్ళు ఉన్నదున్నట్టు చెప్పుండ్రి.

సిరోంచ గోదారొడ్డు:
వద్దు. 11 ఎకరాలు పొద్దుగాల రెండు గంటలల్ల తిరుగుతవు. ఆ 35 వేలల్ల లింగాకర్షక బుట్టలు, మగ రెక్కల పురుగును వాసనతోని గుంజి పట్టేటివి, పెట్టుకో, ఎకరాకు రెండు చాలు. గులాబీ పురుగు, మా తాలూకా ఆఫీసోళ్ళు బోండళి అంటరు, అది కాయ లోపల కూసుండి గింజ తింటది, పైన ఆకు నవనవలాడుతది. నీ డ్రోన్ కాయ పలగ్గొట్టి చూస్తదా? బుట్టల వరుసగ మూడు రాత్రులు రాత్రికి 8 రెక్కల పురుగులు పడ్డయంటే మందు టైం అయినట్టు, ఇంతకన్న చవకైన మిషన్ ఏడున్నది? 2017ల పక్కన యవత్‌మాళ్ జిల్లాల ఏమైందో మర్చిపోయినమా, పురుగు ఒక దిక్కు, మందు కొట్టుకుంట విషమెక్కి మనుషులు చచ్చుడు ఒక దిక్కు. అప్పుడు కావాల్సింది పటం కాదు, చేన్లకు దిగి చూసే మనిషి.

బల్లార్షా మ్యాపుల మాష్టారు:
నేను సర్వే మ్యాపులు గీసే పనిలో ఉన్నాను, పత్తి సంగతి నాకు పెద్దగా తెలియదు కానీ తమ్ముడికి వచ్చిన పటం ఎందుకు తప్పిందో మాత్రం చెప్పగలను. ఆరోగ్యంగా ఉన్న ఆకు ఎర్ర కాంతిని మింగేస్తుంది, మన కంటికి కనపడని నియర్ ఇన్‌ఫ్రారెడ్‌ని వెనక్కి కొడుతుంది. ఎన్‌డీవీఐ అంటే పంట పటాల్లో వాడే అంకె, ఈ రెండిటి తేడాని రెండిటి మొత్తంతో భాగించడం, అంతే. ఇన్‌ఫ్రారెడ్ 50 పాళ్ళు, ఎరుపు 5 పాళ్ళు తిరిగొచ్చాయనుకోండి, 45ని 55తో భాగిస్తే 0.82, అది ఏపుగా ఉన్న పంట. ఉత్త నేల అయితే 0.2 దగ్గర ఉంటుంది. ఇప్పుడు అసలు మెలిక ఏంటంటే మామూలు కెమెరా డ్రోన్‌లో సెన్సార్ ముందు ఇన్‌ఫ్రారెడ్‌ని ఆపే ఫిల్టర్ ఉంటుంది, అంటే లెక్కలో సగం అంకె ఫోటోలోనే లేదు! అలాంటి ఫోటోల మీద VARI లాంటి వేరే సూత్రాలు వేస్తారు, కనిపించే ఎరుపు, ఆకుపచ్చ, నీలం తోనే. అది పచ్చదనం ఎంతుందో చెబుతుంది, ఆరోగ్యం కాదు. మీ సాళ్ళు ఇంకా కమ్ముకోలేదు, మధ్యలో నల్లమట్టి, కాబట్టి మట్టి ఎక్కువున్న చోటల్లా ఎరుపు వేసింది. ముడుచుకున్న ఆకు పైనుంచి పచ్చగానే ఉంది కాబట్టి అక్కడ ఆకుపచ్చ వేసింది. డ్రోన్ అబద్ధం చెప్పలేదు, పీడీఎఫ్ మీద "ఆరోగ్యం" అని రాసినాయన చెప్పాడు.

కిన్వట్ పత్తోడు:
మాష్టారూ మంచిగ సమజైంది. మరి యూట్యూబ్‌ల పాత కెమెరా ఇప్పి ఆ ఫిల్టర్ తీసేసి నీలం ఫిల్టర్ పెడితే ఎన్‌డీవీఐ వస్తదని చూపిస్తున్నరు గదా, గది నిజమేనా? మా తమ్ముడు స్క్రూడ్రైవర్ పట్టుకొని తయారున్నడు.

బల్లార్షా మ్యాపుల మాష్టారు:
నిజమే, 2013 నుంచి ఔత్సాహికులు చేస్తూనే ఉన్నారు. నీలం ఫిల్టర్ పెడితే ఎరుపు గడిలోకి, అంటే ఫోటోలో ఎరుపు నమోదయ్యే చోటికి, ఇన్‌ఫ్రారెడ్ వచ్చి కూర్చుంటుంది, నీలం గడిని ఎరుపు బదులు వాడతారు. కాకపోతే నీలం గడిలోకి కూడా ఇన్‌ఫ్రారెడ్ కొంచెం కారుతుంది, కాబట్టి వచ్చే అంకె అసలు ఎన్‌డీవీఐ కాదు, దాని చుట్టం. ఒకే రోజు ఒకే ఎగురుడులో ఈ మూల ఆ మూల పోల్చుకోవడానికి పనికొస్తుంది. పోయిన వారానికీ ఈ వారానికీ పోల్చాలంటే మాత్రం ఎంత వెలుగును వెనక్కి కొడుతుందో ముందే కొలిచిన పలక నేల మీద పెట్టి ఫోటో తీసి సరిచేసుకోవాలి, లేకపోతే మబ్బు పట్టిన రోజు పంటకి జ్వరం వచ్చినట్టు కనిపిస్తుంది. ఇంకో మాట, తమ్ముణ్ణి స్క్రూడ్రైవర్ కింద పెట్టమనండి. డ్రోన్ కెమెరా కుదుపు తగలకుండా పట్టే చిన్న చట్రం, అదే గింబల్‌లో వేలాడుతుంటుంది, ఒక్క రిబ్బన్ వైరు తెగితే ఎన్‌డీవీఐ లేదు పెళ్ళి వీడియో కూడా లేదు.

గుణుపురం వంశధార:
మాది ఒడిశా గుణుపురం, రాయగడ జిల్లా, మా వైపు పల్లంలో వరి మెట్టలో పత్తి. నేనేటంటానంటే మీరంతా పటం పటం అని కొట్టుకుంటున్నారు గానీ నాకు పటమే అక్కర్లేదు. మేము తొమ్మిది మంది రైతులం కలిసి ఒక చిన్న డ్రోన్ కొన్నాం, మూడేళ్ళయింది, ఒక్కసారి కూడా ఫోటోలు కుట్టి పటం చెయ్యలేదు. మొదట్లో ట్రై చేశాం అనుకోండి, 60 మీటర్ల మీంచి 10 ఎకరాలకి నూటయాభై దాకా ఫోటోలొచ్చాయి, వెబ్ఓడీఎం అని ఫ్రీ సాఫ్ట్‌వేర్‌లో వేస్తే మావోడి ల్యాప్‌టాప్ రాత్రంతా రుబ్బి పొద్దున్నకి మెమొరీ లేదని పడిపోయింది. అప్పట్నుంచి ఏటి చేస్తున్నామంటే ఉభాలు, అదే వరి నాట్లు, అయ్యాక పది రోజులకోసారి అదే గట్టు, అదే ఎత్తు, అదే టైము, ఒక్కో మూల నుంచి రెండేసి ఫోటోలు, అంతే. ఫోన్‌లో పాతది కొత్తది పక్కపక్కన పెట్టి సూస్తే ఎక్కడ పల్చబడిందో ఎక్కడ నీరు నిలబడిపోయిందో చిన్నపిల్లోడు కూడా చెప్పేస్తాడు. కెమెరాలో వైట్ బ్యాలెన్స్, ఎక్స్‌పోజర్ ఆటోలో ఉంచకండి, లాక్ చేసెయ్యండి, లేకపోతే అదే రంగులు మార్చేసి మనల్ని బెదరగొట్టేస్తాది. ఏటొడ్డు పొలాలకి వరదొచ్చినప్పుడు ఏ మడికి నీరు ఎటు నుంచి ఎక్కిందో, ఎక్కడ గట్టు కొడితే దిగుతాదో పైనుంచి ఒక్క ఫోటోలో తెలిసిపోతాది, కింద నించుంటే మోకాల్లోతు నీళ్ళు తప్ప ఏటీ కనపడదు.

సిరోంచ గోదారొడ్డు:
నీళ్ళ సంగతి ఒప్పుకుంట. ప్రాణహిత పొంగినప్పుడు మేమూ చూసినం. కాని పురుగు కాడ ఒప్పుకోను. వరిల సుడిదోమ తీస్కో, అది దుబ్బు మొదట్ల కూసుంటది, పైనుంచి గుండ్రంగ ఎండిపోయిన మచ్చ కనిపిచ్చేసరికి ఆ జాగ అయిపోయినట్టే. దుబ్బు తట్టితే నీళ్ళ మీద పడ్డ దోమ వారం ముందే కనిపిస్తది. మీ ఫోటో శవపంచనామా అన్నట్టు.

గుణుపురం వంశధార:
ఆ మచ్చ అయిపోయిందే బావూ, కాదనను, కానీ దాని చుట్టూ ఉన్నది అయిపోలేదు కదేటి. పోయినేడు మా పక్క మళ్ళల్లో స్వర్ణ వేసిన నడిమడిలో మంచం అంత మచ్చ ఫోటోలో దొరికింది. గట్టు మీంచి సూస్తే ఏపుగా ఉన్న వరి అడ్డమొచ్చి కనపళ్ళేదు. దిగి సూసి నీరు తీసేసి పాయలు తీసి ఆ చుట్టూరే మందు కొట్టాం. ప్రతి 2 మీటర్లకీ కాలిబాట వదిలుంటే లోపలికి నడిచి ముందే సూసేవోళ్ళం, అది మా బద్ధకం, ఒప్పుకుంటాను.

రాజురా డ్రోన్ అక్క:
నేను రాజురా తాలూకాల మహిళా పొదుపు సంఘం, అదే బచత్ గట్‌ల ఉన్న, మందు కొట్టే పెద్ద డ్రోన్ నడుపుత. ముందుగాల ఒక గడబిడ తీర్చాలె, 2023ల వచ్చిన నమో డ్రోన్ దీదీ మందు కొట్టే డ్రోన్ల కోసం, 15,000 మహిళా సంఘాలకు, 80 శాతం లెక్కన 8 లక్షల దాకా సబ్సిడీ. నీ కెమెరా డ్రోన్‌కు అది రాదు, ఎవలన్న ఇప్పిస్త అంటే నమ్మకు తమ్మీ. రెండోది రూల్. 2021 డ్రోన్ రూల్స్ ప్రకారం 250 గ్రాముల లోపుది నానో, దాటితే 2 కిలోల దాకా మైక్రో. మైక్రో నీ చేన్ల నువ్వు ఎగరేసుకుంటే పైలట్ సర్టిఫికెట్ అక్కర్లేదు, ఊర్ల పది మందికి పైసలు తీసుకొని ఎగరేస్తే కావాలె. నానోకు రెండిట్ల అక్కర్లేదు. మీ చిన్నాయన కొడుకు లెక్క ఏసిన "పైసలు ఎల్లుతయి" అన్న మాట తూకం కాడ ఆగుతది, బ్యాటరీతో సహా తూకమేసి కొను. ఎగరేసే ముందు సర్కారోళ్ళ డిజిటల్ స్కై మ్యాప్ చూడు, గ్రీన్ జోన్ల, అంటే ముందుగాల పర్మిషన్ అక్కర్లేని జాగల, 400 అడుగుల దాకే. ఇంకోటి, 2022 ఫిబ్రవరి నుంచి బయటిదేశం డ్రోన్ల దిగుమతి బంద్. సెకండ్ హ్యాండ్‌ల వచ్చే ఫారిన్ బ్రాండ్‌కు రేపు బ్యాటరీ ఉబ్బితే ఏడ దొరుకుతదో గది కూడ అడిగి కొను.

సిరోంచ గోదారొడ్డు:
అక్క చెప్పింది వంద పైసలు నిజం. మా గడ్చిరోలి దిక్కైతే ఇంకో రూల్ కూడ ఉన్నది, ఠాణాల చెప్పకుండ ఎగరేస్తే ఊరంత పైకి చూస్తది, తర్వాత పోలీసులు కిందికి చూస్తరు.

ఉచితంగా వచ్చేది వదలను:
డ్రోనే ఎందుకు, సెంటినెల్ 2 ఉపగ్రహం అయిదు రోజులకోసారి ఫ్రీగా ఫోటో ఇస్తుంది, అందులో అసలైన ఇన్‌ఫ్రారెడ్ ఉంటుంది, కోపర్నికస్ బ్రౌజర్ అనే వెబ్‌సైట్ తెరిచి ఎన్‌డీవీఐ నొక్కితే చాలు. ఒక పిక్సెల్ 10 మీటర్లు, ఎకరాకి 40 పిక్సెల్స్, 11 ఎకరాలకి నాలుగు వందల పైన.

గుణుపురం వంశధార:
ఆగస్టులో తెరిచి సూడండి బావూ, తెల్లటి మబ్బులు చాలా ఆరోగ్యంగా ఉంటాయి.

బల్లార్షా మ్యాపుల మాష్టారు:
హహ. కానీ ఆ సలహా కొట్టిపారేయకండి. అక్టోబర్ తర్వాత ఆకాశం తేలిపోతుంది, కందికీ రబీ శనగకీ బ్రహ్మాండంగా పనికొస్తుంది. పాత ఏళ్ళవి కూడా తిరగేసి చూడొచ్చు, ప్రతి ఏడూ అదే మూల వెనకబడుతోందంటే అది పురుగు కాదు, నేల. అక్కడ మట్టి పరీక్ష చేయించండి. నన్నడిగితే డ్రోన్ కొనేముందు అందరూ చేయాల్సిన పని ఇదే, ఎవరూ చేయరు, ఎగరదు కదా అందుకే మజా లేదు.

కిన్వట్ పత్తోడు:
ఒక్కటి అడుగుత. పోయినేడు ఇరవై రోజులు వాన మొహం చూపియ్యక, ఒక్కసారే దంచికొట్టింది, తెల్లారి పోయి చూస్తే నిన్నటిదాక మంచిగున్న చెట్లు ఆడొకటి ఈడొకటి ఉడకబెట్టిన తోటకూర లెక్క వాలిపోయినయి. డ్రోన్ ఉంటే తెలిసేదా?

సిరోంచ గోదారొడ్డు:
అది పారావిల్ట్, రోగం కాదు, ఎండిన వేరుకు ఒక్కసారే నీళ్ళు ఎక్కువై ఊపిరాడక. ముందు నీళ్ళు బయటికి తియ్యాలె, వాలిన చెట్లకు కొన్ని గంటలల్ల కోబాల్ట్ క్లోరైడ్, లీటరుకు 10 మిల్లీగ్రాములే, జాగ్రత్త, కొడితే కొన్ని లేస్తయి. రెండు రోజులకు వచ్చే పీడీఎఫ్‌తోని ఏం చేస్తవు, దినాలు చేస్తవు. (ఒక్క మాట మటుకు, బురదల కాలు దిగని రోజు గుణుపురం అన్న లెక్క ఒక్క ఫోటో కొడితే ఏ మూలకు ఉరకాల్నో తెలుస్తది. గింతే, ఎక్కువ ఒప్పించకుండ్రి.)

రాజురా డ్రోన్ అక్క:
మీరు మర్చిపోయిన ముచ్చట ఇంకొకటి, ఎరుపు. ఈ నెల దాటితే పత్తి ఆకు ఎర్రబడుతది. మెగ్నీషియం తక్కువైతే ఈనెలు పచ్చగుండి నడుమ ఎర్రబడుతది, పచ్చదోమకైతే అంచుల నుంచి, నీళ్ళు నిలిస్తే చెట్టు మొత్తం. 60 మీటర్ల మీదికెళ్ళి పిక్సెల్ 2 సెంటీమీటర్లు, ఈనె ఏడ కనిపిస్తది? మూడూ ఒకటే ఎరుపు. 20 మీటర్లకు దిగితే కొంచెం తేట పడుతది గని ఫోటోలు తొమ్మిదింతలు అయితయి. కృషి కేంద్రంల, అంటే మందుల దుకాణంల, ఫోటో చూపిస్తే మూడు డబ్బాలు చేతుల పెడతడు. నేను డ్రోన్ నడిపేదాన్నే, నేనే చెప్తున్న, ఆకు తెంపి చూడకుండ మందు కొట్టియ్యకుండ్రి.

కిన్వట్ పత్తోడు:
మీ అందరియి చదివి తమ్మునికి చూపిచ్చిన, వాడు రెండు దినాలు అలిగిండు. ఇప్పుడు కొత్త ముచ్చట, మా ఊరి లగ్గాల ఫొటోగ్రాఫర్ దగ్గర డ్రోన్ ఉన్నది, ఇక్కడ మరాఠీలకు చాతుర్మాసంల లగ్గాలుండవు, తులసి లగ్గం దాకా అది పెట్టెలనే పంటది, అంటే సరిగ్గ పత్తి టైం! అడిగితే ఎగరేస్త అన్నడు, ఊకెనే, ఛాయ తాగిపిస్తే చాలట. తూకం 249 గ్రాములు అని డబ్బా మీద ఉన్నది అక్కా, నేనే చూసిన. ఆదివారం పొద్దున పదింటికి నాలుగు మూలల నుంచి ఫోటోలు కొట్టిపిస్త, రంగులు లాక్ చేసి. కొనుడు ఈ ఏడు లేదు, తమ్మునికి ఇంకా చెప్పలే. గుణుపురం అన్నా, నీ పాత ఫోటోలు రెండు పెట్టు, ఎంత ఎత్తు నుంచి కొట్టినవో రాయి. మా కంది సాలు పత్తి మీద నీడ ఏస్తది, అది రోగం లెక్క కనిపిస్తదేమో అని అనుమానం.

గుణుపురం వంశధార:
పెడతాను. 40 మీటర్లు, కెమెరా కొంచెం వంచి. నీడకి పన్నెండు దాటాక కొట్టించు, పదింటికి సాలు నీడ పక్క సాలు మీద పడతాది.

సిరోంచ గోదారొడ్డు:
అది సరే, బుట్టలు పెట్టినవా లేదా?

కిన్వట్ పత్తోడు:
తెచ్చిన అన్నా. ఇంట్ల ఉన్నయి. రేపు పెడత.