తుపాను తర్వాత మొదలైన తాగుడు: అన్నయ్యను ఎవరికి చూపించాలి?

మాది ఉద్దానంలో, సోంపేట దగ్గర పల్లె. 2018 అక్టోబరులో తిత్లీ తుపానుకు మా కొబ్బరితోట నేలకూలింది. నాన్న చేత్తో నాటిన చెట్లవి. అన్నయ్య తాగడం ఆ తర్వాతే మొదలైంది. ఇప్పటికీ రాత్రి గాలి హోరెత్తితే చాలు, లేచి వెళ్లి తలుపు గడియ పట్టుకుని నిలబడతాడు. చేతులు వణుకుతుంటాయి. తెల్లవారేసరికి సీసా ఖాళీ.

బుద్ధి లేక తాగుతున్నాడని ఊరంతా అంటుంది. నేను ఒప్పుకోను. అమెరికా శాస్త్రవేత్త జార్జ్ కూబ్ పరిశోధన గురించి చదివాను. మొదట హాయి కోసం తాగిన మనిషి, మెదడులోని ఒత్తిడి వ్యవస్థ అదుపు తప్పాక ఆ బాధ తట్టుకోలేక తాగుతాడట. అచ్చం మా అన్నయ్యే.

ఒకసారి మేమే బలవంతంగా మాన్పించాం. రెండో రోజు ఫిట్స్ వచ్చాయి. అలవాటు ముదిరినవారు వైద్యుడి పర్యవేక్షణ లేకుండా ఉన్నట్టుండి మానేస్తే ప్రాణానికే ముప్పని అప్పుడే తెలిసింది.

శ్రీకాకుళంలో గానీ విజయనగరంలో గానీ ఆ భయానికీ తాగుడుకూ కలిపి చికిత్స చేసే మానసిక వైద్యులు మీకు తెలుసా? ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ నంబరు టెలిమానస్ 14416కు ఫోను చేసినవారున్నారా? తెలుగులో ఓపిగ్గా మాట్లాడారా? ఆసుపత్రి అనగానే అన్నయ్య లేచి వెళ్లిపోతాడు. ఇలాంటి మనిషిని మీరెలా ఒప్పించారో దయచేసి చెప్పండి. వదిన కూడా ఎదురుచూస్తోంది.